బ్యాకప్ రాలేదా? ముందు ఫైలు పేర్లు చూడండి

సంపాదకులకు,

బ్యాకప్ తీసేటప్పుడు ఒక్క ఎర్రర్ కూడా రాదు. తిరిగి ఎక్కించేటప్పుడు మాత్రం కొన్ని ఫైళ్లు రావు. డిస్క్ పోయిందనుకుని చాలామంది ఫార్మాట్ కొట్టేస్తున్నారు. డీటీపీ సెంటర్లవారు, చిన్న ఆఫీసులవారు దయచేసి ఆ పని చేయొద్దు. లినక్స్, విండోస్, మ్యాక్‌లలో ఫైలు పేర్ల నియమాలు వేరు. ఒకదానిలో తీసిన బ్యాకప్‌ను ఇంకోదానిలో ఎక్కిస్తే, డిస్క్ బాగానే ఉండి, ఫైలు పేరు దగ్గరే పని ఆగిపోయి ఉండొచ్చు.

లినక్స్‌లో ఫైలు పేరుకు / తప్ప దాదాపు ఏ గుర్తయినా చెల్లుతుంది. విండోస్‌లో \ / : * ? " < > | అనే తొమ్మిదీ చెల్లవు. పేరు చివర చుక్క, ఖాళీ కూడా కుదరవు. వీటిలో కోలన్‌తోనే ఎక్కువ ప్రమాదం. 'రశీదు 10:30' అనే ఫైలును కొన్ని ప్రోగ్రాములు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్) డిస్కులోకి దించితే 'రశీదు 10' అని సున్నా సైజు ఫైలు కనిపిస్తుంది. అసలు డేటా దాని వెనక విడి స్ట్రీమ్‌లో, అంటే అదే ఫైలుకు తగిలించిన కనబడని భాగంలో, దాగి ఉంటుంది. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

తెలుగు పేర్లకు ఇంకో చిక్కుంది. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అనే డిస్క్ ఫార్మాట్‌లో పేరుకు 255 బైట్లే హద్దు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు లాంటి ముక్క) ఒక్కోదానికి 3 బైట్లు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో ఆరు కోడ్‌లున్నాయి, అంటే 18 బైట్లు. విండోస్‌లో హద్దు 255 యూనిట్లు, తెలుగు కోడ్‌కు ఒక్కో యూనిట్ చాలు, కాబట్టి అక్కడ 'స్త్రీ'కి ఆరే ఖర్చవుతాయి. అందుకే విండోస్‌లో నడిచిన పొడవాటి తెలుగు పేరు లినక్స్‌లో 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అంటుంది. పాత మ్యాక్ డిస్కులైతే ఐత్వాన్ని రెండు ముక్కలుగా విడదీసి దాస్తాయి. అక్కడినుంచి తెచ్చిన 'వైద్యం' ఫోల్డరు, ఇక్కడున్న 'వైద్యం' ఫోల్డరు కంటికి ఒక్కటే, కంప్యూటర్‌కు వేరు.

బ్యాకప్‌ను ముందు ఈఎక్స్‌టీ4 డిస్కులోకి దించండి. విండోస్ నుంచి వచ్చిన ఫైళ్లు పొడవు హద్దు దగ్గర ఆగితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకే దించాలి. లాగ్ (ప్రోగ్రాము రాసిపెట్టే పని చిట్టా) చూసి, ఆగిన పేర్లను పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసుకుంటూ మార్చండి. నిషిద్ధ గుర్తులన్నిటికీ ఒకే అండర్‌స్కోర్ పెడితే రెండు పేర్లు ఒకటైపోయి ఒక ఫైలు ఇంకోదాని మీద పడొచ్చు. కోలన్‌కు చుక్క (పేరు చివర మాత్రం వద్దు), ప్రశ్నార్థకానికి గీత, ఇలా వేర్వేరుగా పెట్టాలి. మ్యాక్ పేర్లను కాన్వ్‌ఎమ్‌వీ (convmv) అనే ప్రోగ్రాముతో ఎన్‌ఎఫ్‌సీకి, అంటే ముక్కలు కలిపి రాసే రూపానికి, మార్చవచ్చు. నోటెస్ట్ (--notest) ఆప్షన్ ఇవ్వకపోతే అది ఏమీ మార్చదు, మార్చబోయే పేర్లు చూపిస్తుందంతే. కాబట్టి మొదటిసారి అలాగే నడపండి.

చివరగా ఫైళ్ల సంఖ్య, చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) సరిచూసుకోండి. సున్నా సైజు ఫైళ్లను విడిగా వెతకండి. అవన్నీ తేలేదాకా పాత డిస్క్ చెరపొద్దు.

— ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, విజయవాడ