ఆ కంపెనీ ఎమల్షన్ ఇక మన షాపులో ఎందుకు దొరకదంటే

మన షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

ఇంటి లోపలి గోడలకు మీలో చాలామంది అడిగి మరీ తీసుకెళ్లే ఒక కంపెనీ సాఫ్ట్ షీన్ ఎమల్షన్ (కాస్త మెరుపుండే గోడ పెయింట్) అమ్మడం ఆపేశాను. ఆ షేడ్ కార్డు కూడా కౌంటర్ మీద నుంచి తీసేశాను. పేరు ఇక్కడ రాయను, కొన్నవాళ్ల డబ్బాల మీద ఎలాగూ ఉంటుంది. "మార్జిన్ తగ్గించారట, అందుకే మానేశాడు" అని నల్లగొండ బజార్లో ఒక మాట తిరుగుతోంది. అది నా చెవిన పడింది కాబట్టే ఇంత రాస్తున్నాను.

దేవరకొండ రోడ్డులో కొత్తగా కట్టిన ఒక ఇంటివాళ్లు హాలుకు, డైనింగ్‌కు కలిపి లేత గంధం రంగు తీసుకున్నారు. నాలుగు లీటర్ల డబ్బాలన్నీ ఒకే రోజు, ఒకే కోడ్‌తో, ఒకే మిషన్ మీద కలిపి ఇచ్చాను. రెండో కోటు వేస్తుంటే హాల్లో పొడవాటి గోడ మధ్యలో ఒక డబ్బా అయిపోయింది, ఇంకోటి విప్పారు. ఆరాక ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ లేదు. కిటికీ పక్కన నిలబడి ఏటవాలుగా చూస్తే మాత్రం గోడ రెండు ముక్కలుగా కనిపిస్తోంది. రాత్రి సీలింగ్ అంచున ఉన్న ఎల్‌ఈడీ పట్టీ వేస్తే ఇంకా బాగా తెలుస్తోంది. తేడా రంగులో కాదు, మెరుపులో. ఒక సగం సాఫ్ట్ షీన్, ఇంకో సగం దాదాపు మెరుపే లేని మ్యాట్.

ఇలాంటప్పుడు ముందు పెయింటర్ మీదే అనుమానం వస్తుంది. లప్పం ఒకచోట సరిగ్గా రుద్దకపోయినా, ప్రైమర్ తక్కువ పడినా గోడ పెయింట్‌ను ఎక్కువ తక్కువగా పీల్చుకుని ప్యాచ్ వస్తుంది. నీళ్లు ఎక్కువ కలిపినా అంతే. అందుకని గోడ సంగతి పక్కన పెట్టి, మిగిలిన పెయింట్ షాపుకు తెప్పించి కార్డు మీద పక్కపక్కనే లాగి ఆరబెట్టాను. అదే తేడా. ఆ రెండు డబ్బాల బ్యాచ్ నంబర్లు వేరు. తర్వాత గోడౌన్‌లో అవే బ్యాచ్ నంబర్లున్న, సీలు తీయని డబ్బాలు విప్పి, ఒక్క చుక్క రంగు కలపకుండా ఉత్త బేస్‌నే (కంపెనీ నుంచి వచ్చే అసలు పెయింట్) లాగి చూశాను. మళ్లీ అదే తేడా. రంగే పడని బేస్‌లో తేడా ఉంటే అది నా మిషన్ తప్పు ఎట్లా అవుతుంది?

కంపెనీ మనిషి హైదరాబాద్ నుంచి వచ్చాడు. కార్డులు చూశాడు, ఫోన్‌తో ఫోటోలు తీశాడు. ఎదురుగా తీసిన ఫోటోలో మెరుపు తేడా కనపడదని ఆయనకూ తెలుసు. పోతూ పోతూ, ఇంటాయన ముందే, "చిన్న ఊళ్ల షాపుల్లో మిషన్ మెయింటెనెన్స్ ఉండదు సార్" అన్నాడు. నేను రోజూ షట్టర్ ఎత్తగానే నాజిళ్లు తుడిచి, ఒక్కో రంగూ కాస్త వదిలి చూశాకే మొదటి డబ్బా కలుపుతాను. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. తర్వాత కంపెనీ డిపో నుంచి ఒక మెయిల్ వచ్చింది: బ్యాచ్‌లన్నీ టెస్టింగ్ పాసయ్యాయట. అంతే.

ఆపాలా వద్దా అని తేల్చుకోవడానికే నాకు ఎక్కువ టైం పట్టింది, నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. డబ్బాలో వచ్చే పెయింటర్ పాయింట్లు, అంటే పెయింటర్లకు కంపెనీ ఇచ్చే ప్రోత్సాహకం, ఆ కంపెనీవే ఎక్కువ. పాయింట్లు లేని షాపుకు మేస్త్రీలు కస్టమర్‌ని ఎందుకు తీసుకొస్తారు? అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. పైగా ఏడాది టార్గెట్ దగ్గర పడింది, ఇప్పుడు ఆపితే టార్గెట్ అందుకుంటే కంపెనీ ఇచ్చే డిస్కౌంట్ పోయినట్టే. "బ్యాచ్ చూసుకుంటూ అమ్ముకోవచ్చు కదా" అని ఇంట్లో అన్నారు. కానీ ఈ తేడా విప్పి ఆరబెడితే గానీ తెలియదు, అమ్మే ప్రతి డబ్బా నేను విప్పలేను కదా. నిజం చెప్పాలంటే, ఆ కంపెనీ మనిషి నా మిషన్ గురించి ఆ మాట అనకపోయి ఉంటే ఇంకొన్ని నెలలు చూసేవాణ్ణేమో. అన్నాడు, ఆపేశాను.

ఆ ఇంటి గోడ మూల నుంచి మూల దాకా వేరే కంపెనీ పెయింట్‌తో మళ్లీ వేయించాం. పెయింట్ నాది, కూలీలో సగం నాది.

ఆ పెయింట్ ఇప్పటికే వేసుకున్నవాళ్లు టెన్షన్ పడొద్దు. గోడ బాగుంటే బాగున్నట్టే. మిగిలిన పెయింట్ మాత్రం పారేయకండి, టచప్‌కు అదే కావాలి. షేడ్ కోడ్, బ్యాచ్ నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి. కోడ్ తెస్తే ఇంకో కంపెనీ బేస్‌లో దగ్గరి రంగు కలిపిస్తాను, కానీ గోడ మధ్యలో ఆ ముక్క అతకదు. రంగు కలిసినా మెరుపు కలవదు, గోడ మొత్తం వేయాల్సిందే.

ఇకనుంచి ఒక గదికి ఇచ్చే డబ్బాలన్నీ ఒకే బ్యాచ్‌వి ఇస్తాను. దొరక్కపోతే ముందే చెప్తాను. అప్పుడు అన్నీ ఒకే డ్రమ్ములో కలుపుకుని మొదలుపెట్టండి.

కొత్త ఇల్లు అనగానే అందరూ "మెరవాలి అన్నా" అంటారు. మెరుపు ఎంత ఎక్కువైతే లప్పం ఎత్తుపల్లాలు అంత బయటపడతాయి. హాలుకు మ్యాట్ తీసుకోండి. నూనె మరకలు తుడవాల్సిన వంటగదికి, పిల్లలు గీతలు గీసే గదికి శాటిన్ పెట్టుకోండి. సీలింగ్‌కు ఉత్త తెలుపు మ్యాట్ చాలు. రంగు మాత్రం షేడ్ కార్డు మీద, షాపు లైట్ల కింద ఖాయం చేయకండి. చిన్న శాంపిల్ డబ్బా తీసుకెళ్లి మీ గోడ మీదే వేసి, పగలోసారి, రాత్రి మీ లైట్ల కింద ఓసారి చూడండి. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని పచ్చి గోడలకు వేయించొద్దు. ప్లాస్టరింగ్ అయ్యాక తడపడం, ఆరనివ్వడం అన్నీ కలిపి కనీసం 28 రోజులు ఆగాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువే. మన బోరు నీళ్లలో ఉప్పు సంగతి మీకు తెలియంది కాదు. ఆరని గోడ మీద అది తెల్లగా తేలి పెయింట్‌ను పెచ్చులుగా లేపుతుంది.

మిగిలిన స్టాకు వెనక్కి తీసుకోవడం కుదరదని డిపోవాళ్లు అన్నారు, గోడౌన్‌లోనే ఉంది. సగం ధరకు ఇస్తావా అని కొందరు అడిగారు. ఇవ్వను.