తలకు దెబ్బ తగిలితే ఆట ఆపాలి
రగ్బీలో తలకు తగిలే దెబ్బలను తేలిగ్గా తీసుకోవడం ఇకనైనా ఆగాలి. 2003లో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లాండ్ జట్టులో హుకర్‌గా (ముందు వరుసలో మధ్యన ఉండే ఆటగాడిగా) ఆడిన స్టీవ్ థాంప్సన్‌కు 42 ఏళ్లకే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చింది. ఆ కప్పు గెలిచిన సంగతే గుర్తులేదని 2020లో ఆయనే చెప్పారు. ఇక్కడ మా అబ్బాయి ఆడే మైదానంలో కిందటి నెల ఓ పదమూడేళ్ల పిల్లాడు ఢీకొని పడ్డాడు. లేచి, తన జట్టు ఎటువైపుందో తెలియక అటూ ఇటూ చూశాడు. మొహాన నీళ్లు చల్లి మళ్లీ ఆడించారు! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఈ నిర్ణయం కోచ్‌కు వదలకూడదు, గెలవాలన్న టెన్షన్ ఆయనకుంటుంది. ప్రతి మ్యాచ్‌కూ ఏ జట్టుకూ చెందని మనిషిని పెట్టి, అనుమానం వస్తే పిల్లాణ్ని ఆ రోజుకు బయట కూర్చోబెట్టే అధికారం ఇవ్వాలి. దెబ్బ వివరాలు రాసిపెట్టాలి, క్లబ్బు మారినా ఆ రికార్డు వెంట వెళ్లాలి.
– ఓ తండ్రి, లీడ్స్, ఇంగ్లాండ్