డీజిలా, ప్లగ్ బండా: బాబాయికి ఉత్తరం

బాబాయికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం. పిన్నిని అడిగానని చెప్పండి. పికప్ కొంటున్నానని మొన్న ఒక్క ముక్క రాశానో లేదో, మీరు ఫోన్ చేసి "ఇంకేం ఆలోచన, డీజిల్ తీసుకో" అని తేల్చేశారు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి ఇంకో మాట అంటాడని నేనూ అనుకోలేదు. ఫోన్లో మీతో వాదించి నెగ్గడం నా వల్ల కాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. చివరిదాకా చదివాకే తిట్టండి.

ఆస్ట్రేలియాలో నాలాంటి ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, వడ్రంగులు అందరికీ పికప్పే బండి. ఇక్కడివాళ్లు యూట్ అంటారు. 2016 నుంచి 2022 దాకా దేశం మొత్తం మీద ఎక్కువ అమ్ముడైన బండి టొయోటా హైలక్స్, 2023లోనూ 2024లోనూ ఫోర్డ్ రేంజర్. కార్లన్నిటినీ దాటేసి పికప్పులు మొదటి స్థానంలో ఉన్నాయంటే చూడండి. ఇన్నాళ్లూ వీటిలో దాదాపు అన్నీ డీజిలే, ఎంచుకోవడానికంటూ ఏమీ లేదు. ఇప్పుడు కరెంటు మీదా పెట్రోల్ మీదా నడిచే బీవైడీ వాళ్ల షార్క్ 6 వచ్చింది, దాని వెనకే జీడబ్ల్యూఎం వాళ్ల కానన్ ఆల్ఫా, రేంజర్‌లోనే ప్లగ్ పెట్టే రకం వచ్చాయి. నా తలనొప్పి అక్కడ మొదలైంది.

ముందు మీ అనుమానం ఒకటి తీర్చాలి. బ్యాటరీ అయిపోతే దారి మధ్యలో ఆగిపోయే బండి కాదిది. రాత్రి ఇంటి దగ్గర ప్లగ్ పెడితే బ్యాటరీ నిండుతుంది, పొద్దున ఆ కరెంటు మీదే బయల్దేరుతుంది. కరెంటు తగ్గాక పెట్రోల్ ఇంజను లేస్తుంది. షార్క్‌లో 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, ముందు చక్రాలకో మోటారు, వెనక చక్రాలకో మోటారు. ఇంజనుకూ వెనక చక్రాలకూ మధ్య షాఫ్టే లేదు! వెనక తిరిగేదంతా కరెంటు మీదే. ప్రొపెల్లర్ షాఫ్ట్ లేని ఫోర్ వీల్ డ్రైవ్ అంటే మీరు నవ్వుతారని తెలుసు. నేనూ బండి కిందికి వంగి చూసుకున్నాకే నమ్మాను.

ఇప్పుడు లెక్కకొస్తాను. ఇదే అసలు విషయం. ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల కరెంటుకు సరిపడా శక్తి ఉంటుంది. హైలక్స్ ట్యాంకు 80 లీటర్లు, అంటే 800 యూనిట్లు. షార్క్ బ్యాటరీ మొత్తం కలిపి 29.58 యూనిట్లు. మూడు లీటర్ల డీజిల్ పాటి లేదు. ఇక్కడిదాకా విని మీరు "చూశావా" అంటారు. ఆగండి. డీజిల్ ఇంజను ఎంత మంచిదైనా ఆ శక్తిలో మూడో వంతో, బాగా నడిస్తే ఇంకాస్త ఎక్కువో చక్రానికి ఇస్తుంది, మిగతాదంతా రేడియేటర్‌లోంచీ సైలెన్సర్‌లోంచీ వేడిగా పోతుంది. ఊళ్లో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే దారిలో అదీ రాదు. మోటారు తొంభై శాతం దాకా ఇస్తుంది, పైగా బ్రేకు తొక్కినప్పుడు కొంత వెనక్కి లాక్కుంటుంది. అందుకే ఆ ముప్పై యూనిట్లు ఏడెనిమిది లీటర్ల డీజిల్ చేసే పని చేస్తాయి. కంపెనీ చెప్పేది 100 కిలోమీటర్లు, అదీ ఎన్ఈడీసీ అనే పాత కొలత ప్రకారం. ఆ కొలత ఉదారంగా చెబుతుంది కాబట్టి నేను అందులో పావు వంతు కోసేసుకున్నాను. కోసినా నా రోజువారీ తిరుగుడుకు చాలు. ఇంటి నుంచి సైటుకి, సైటు నుంచి సామాను కొట్టుకి, మళ్లీ ఇంటికి, మహా అయితే యాభై కిలోమీటర్లు.

మామూలు 10 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే ఖాళీ బ్యాటరీ నిండడానికి పదమూడు గంటలు దాటుతుంది. నేను రోజూ పూర్తిగా ఖాళీ చెయ్యను కాబట్టి రాత్రి సరిపోతుంది. గోడకు 7 కిలోవాట్ల చార్జర్ బిగిస్తే అయిదు గంటల్లోపే. అది బిగించేది ఎలాగూ నేనే.

నా తిరుగుడు ఇలాంటిది కాబట్టే డీజిల్ మీద నాకు భయం పట్టుకుంది. మీ రోజుల ఇంజనుకు లేని రోగం ఈ కాలపు ఇంజనుకు ఒకటుంది. సైలెన్సర్ దారిలో మసిని పట్టుకునే ఫిల్టరు పెడుతున్నారు, డీపీఎఫ్ అంటారు. మసి నిండాక ఇంజనే ఆ ఫిల్టరును 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేసుకోవాలి. దానికి బండి కాసేపు ఆగకుండా హైవే వేగంతో పోవాలి. నేనేమో పది నిమిషాలు నడిపి ఆపుతాను, మళ్లీ పది నిమిషాలు. ఇంజను వేడెక్కేలోపే తాళం తీసేస్తాను. కాల్చుకోవడం మధ్యలో ఆగుతుంది, మసి పేరుకుంటుంది, కొన్ని ఇంజన్లలో కాలని డీజిల్ కారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం పెరిగిందంటే మురిసిపోవాల్సిన సంగతి కాదని మీకు నేను చెప్పాలా! నాతో పనిచేసే ఒకాయన బండిలో ఆ ఫిల్టరు మూసుకుపోయింది. ఆదివారం పూట పనేమీ లేకపోయినా ఊరి బయటికి పోయి హైవే మీద అటూ ఇటూ తిప్పి వస్తుంటాడు, బండికి వ్యాయామం అంటూ. దూరాలు పోయేవాడికి డీజిల్ బంగారం. నాలా ఆగి ఆగి పోయేవాడి దగ్గర అది కుళ్లిపోతుంది.

అలాగని ప్లగ్ బండి అమ్మేవాళ్ల కాగితాన్ని నమ్మమని అనడం లేదు. వంద కిలోమీటర్లకు 2 లీటర్లు అని రాస్తారు. బ్యాటరీలో కరెంటు ఉన్నంతసేపటి మాట అది. కరెంటు తగ్గాక ఎంతో అని అడిగితే అదే కంపెనీ 7.9 లీటర్లంటుంది. డీజిల్ పికప్ కాగితం కూడా ఆ చుట్టుపక్కలే చెబుతుంది, ఇది పెట్రోల్ అన్నది తేడా. యూరోపియన్ కమిషన్ 2024లో రోడ్డు మీది బళ్ల లెక్కలు తీసి చూస్తే, ఇలా ప్లగ్ పెట్టే బళ్లు, అంటే ప్లగ్ ఇన్ హైబ్రిడ్‌లు, లేబొరేటరీలో చెప్పినదానికి సగటున మూడున్నర రెట్లు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయని తేలింది. కారణం పెద్ద రహస్యం కాదు. కొన్నవాళ్లు అనుకున్నంతగా ప్లగ్ పెట్టడం లేదు. రోజూ ప్లగ్ పెట్టే ఓపిక లేనివాడు ఈ బండి కొంటే, వాడని బ్యాటరీ బరువును పెట్రోల్ పోసి మోసుకు తిరిగినట్టే. అద్దె ఇంట్లో ఉంటూ బండి వీధిలో పెట్టుకునేవాళ్లకు నేనైతే చచ్చినా చెప్పను.

ఇక బరువు సంగతి. ఇక్కడ మీరే గెలిచారు. 2.8 లీటర్ల డీజిల్ ఇంజనున్న హైలక్స్ 3500 కిలోల ట్రెయిలర్‌ను లాగుతుంది. నేను చూసిన 1.5 లీటర్ల షార్క్‌కు అనుమతి 2500. వెనక తొట్టిలో హైలక్స్ దాదాపు టన్ను మోస్తే ఇది 790 కిలోలే. గుర్రాల ట్రెయిలరో, పెద్ద కారవానో తగిలించి ఎత్తులెక్కుతూ వందల కిలోమీటర్లు పోవాలంటే బ్యాటరీ మొదట్లోనే అయిపోతుంది, తర్వాత భారమంతా ఆ చిన్న పెట్రోల్ ఇంజను మీద పడుతుంది. డీజిల్ అలా కాదు, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బలం చూపిస్తూ ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఒకే తీరున లాగుతుంది, అయిదు నిమిషాల్లో మళ్లీ నింపుకుని బయల్దేరుతుంది. ప్లగ్ పెట్టే రేంజర్‌కు 3500 అనుమతి ఉంది కానీ దాని బ్యాటరీ 11.8 యూనిట్లే, కరెంటు మీద నలభై కిలోమీటర్ల చిల్లర. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాల్సిందే. ఇంకో సంగతి, 3500 అని రాసున్నంత మాత్రాన తొట్టి నిండా సామాను వేసుకుని అంత లాగొచ్చని కాదు. బండీ ట్రెయిలరూ కలిపి ఇంతకు మించకూడదని వేరే హద్దు ఉంటుంది. పూర్తి బరువు లాగేటప్పుడు తొట్టిలో వేసుకునేది బాగా తగ్గించాలి. ఇది చూసుకోకుండా రోడ్డెక్కేవాళ్లు ఇక్కడ బోలెడుమంది.

నేను లాగేది మహా అయితే కేబుల్ డ్రమ్ములు వేసిన చిన్న ట్రెయిలర్. టన్ను దాటదు. అది కూడా ఎప్పుడో.

నా మనసు లాగేసింది వేరే ఉంది. షార్క్ తొట్టిలోనే సాకెట్లున్నాయి, 6.6 కిలోవాట్ల దాకా కరెంటు ఇస్తుంది. కొత్తగా కడుతున్న ఇంట్లో మీటరు రాకముందే కటింగ్ మిషను, డ్రిల్లు, లైట్లు దీని మీదే నడుపుకోవచ్చు. ఇప్పుడైతే జనరేటర్ దించుకోవాలి, దానికి పెట్రోల్, దాని గోల, పక్కింటివాళ్ల గొడవ.

మరమ్మతు గురించి మీరు అడుగుతారు. డీజిల్ బండి ఏ మారుమూల చెడిపోయినా చెయ్యి పెట్టే మెకానిక్కు దొరుకుతాడు, అది నిజం. దీనికి కంపెనీ వర్క్‌షాప్ తప్ప దిక్కులేదు. బ్యానెట్ ఎత్తితే నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి, ప్రాణం తీసేంత వోల్టేజీ. కరెంటు పనే నా తిండి అయినా వాటి జోలికి నేను పోను. పదేళ్ల తర్వాత ఈ బండిని ఎవరు కొంటారో కూడా చెప్పలేం, పాత హైలక్స్‌కైతే ఎప్పుడూ గిరాకీయే. ఇవి రెండూ నన్ను వెనక్కి లాగుతున్న మాట వాస్తవం.

2025 జనవరి నుంచి కొత్త బళ్ల పొగ మీద ఇక్కడ కొత్త చట్టం నడుస్తోంది. కంపెనీలు అమ్మే బళ్ల సగటు ఒక హద్దులో ఉండాలి, ఆ హద్దు ఏటేటా బిగుస్తుంది. ప్లగ్ పికప్పులు ఇన్ని రకాలు రావడానికి అదీ ఒక కారణం. కంపెనీ పేరు మీద కొనేవాళ్లకు వీటి మీద ఉన్న పన్ను మినహాయింపు మాత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1తో కొత్తగా తీసుకునేవాళ్లకు ఆగిపోయింది. కాబట్టి పన్ను కోసం కొంటున్నానని అనుకోకండి.

షార్క్‌కే అడ్వాన్సు ఇవ్వబోతున్నాను బాబాయ్. దానికి ముందు సామానంతా వేసి, ట్రెయిలర్ తగిలించి, బ్యాటరీ దాదాపు ఖాళీ చేసి ఒక ఎత్తు ఎక్కించి చూడనివ్వమని అడిగాను. ఖాళీ బండిని నిండు బ్యాటరీతో నడిపి చూస్తే ఏం తెలుస్తుంది? ఒప్పుకున్నారు. ఆ ఎత్తు మీద నీరసపడితే మీ డీజిల్‌కే వస్తాను, మాట ఇస్తున్నాను.

మీ సలహా ఒకటి కావాలి. నా తిరుగుడుకు ఆ పెట్రోల్ ఇంజను వారాల తరబడి లేవకపోవచ్చు. లేచినా నాలుగు నిమిషాలు తిరిగి ఆగిపోవచ్చు, పూర్తిగా వేడెక్కదు. ఆయిల్ కిలోమీటర్లు చూసి మార్చాలా, నెలలు చూసి మార్చాలా? కంపెనీ పుస్తకం రెండూ రాసి, ఏది ముందొస్తే అది అంటుంది. నాకైతే వాళ్లు రాసిన గడువుకన్నా ముందే మార్చాలనిపిస్తోంది. ఇంత తక్కువ తిరిగే ఇంజన్లు మీ చేతికి ఏమైనా వచ్చాయా, వాటిలో ఏం చూశారో రాయండి.

ఇట్లు,
మీ చిన్నోడు