మా అమ్మకు తోడు నిలిచిన విచారణ కుటుంబానికి కృతజ్ఞతలు

మన విచారణ (పారిష్) గురువులకు, సిస్టర్లకు, పెద్దలకు, యువతకు నమస్కారం.

అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పటి నుంచి మీరంతా ఎలా ఉందని అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని ఇంట్లో తిరుగుతోంది. మొన్న ఆదివారం గుడికి కూడా వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. పూజ (మాస్) అవగానే ఆమె చుట్టూ మూగిన జనంలో ఒక్కొక్కరికీ విడిగా థ్యాంక్స్ చెప్పడం నావల్ల కాలేదు, అందుకే ఇలా రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. రాయొద్దని కొందరు ముందే గట్టిగా చెప్పారు. పైగా పది పేర్లు రాసి పదకొండోది మర్చిపోతే ఏమవుతుందో మన విచారణలో అందరికీ తెలుసు.

ముందు ఫాదర్‌గారికి. ఆపరేషన్‌కు ముందు సాయంత్రం ఆయన్ని పిలుద్దామంటే మా బంధువుల్లోనే ఇద్దరు ముగ్గురు వద్దన్నారు. జబ్బుపడినవాళ్ళకు రాసే పవిత్ర నూనె పట్టుకుని ఫాదర్ వస్తే, ఇంక తన పని అయిపోయిందనుకుని అమ్మ హడలిపోతుందని వాళ్ళ టెన్షన్. ఈ భయం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. ఫాదర్‌గారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని కాసేపు మామూలు కబుర్లే చెప్పారు. తర్వాత మా అందరికీ వినపడేలా విషయం వివరించారు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే రోగికి నూనె రాసి ప్రార్థించే ఈ సంస్కారం, చావుబతుకుల మధ్య ఉన్నవాళ్ళకు మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ బిషప్పుల సభ) 1963లోనే చెప్పింది. పునీత ఆరవ పౌలు పోపుగారు 1972లో ఆ సంస్కార విధానాన్నే సవరించారు. తీవ్రమైన అనారోగ్యంతో ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళూ, వయసు మీద పడి బాగా నీరసించినవాళ్ళూ దీన్ని పొందవచ్చు. కోలుకున్నాక మళ్ళీ జబ్బు చేస్తే మళ్ళీ పొందవచ్చు. జబ్బుపడినవాడు సంఘ పెద్దలను పిలిపించుకోవాలని యాకోబు లేఖ 5వ అధ్యాయం చెబుతోంది కదా, పిలిపించుకోవడానికి ఆలస్యమెందుకు అన్నారాయన.

పవిత్ర వారంలో బిషప్‌గారు ఆశీర్వదించిన నూనె అది. అమ్మ నుదుటి మీద, రెండు అరచేతుల్లో రాసి ప్రార్థించారు. హడలిపోవడం సంగతి దేవుడెరుగు, ఫాదర్‌గారు లేవబోతుంటే అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న, "ఈ వారం కార్పొరల్స్ ఎవరు ఉతుకుతారండీ?"

ఈ ప్రశ్నలో ఎంత బాధ ఉందో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. బలిపీఠం మీద పానపాత్ర కింద పరిచే చదరపు తెల్లబట్ట కార్పొరల్. పాత్ర తుడిచేది ప్యూరిఫికేటర్. ఏళ్ళ తరబడి ఇవి ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టే పని అమ్మదే. వీటిని మామూలు బట్టల్లో కలిపి ఉతకకూడదు. ముందు విడిగా నీళ్ళలో నానబెట్టి, ఆ మొదటి నీళ్ళను డ్రైనేజీలోకి వదలకుండా మట్టిలో పోయాలి, లేదా సాక్రిస్టీలో (గుడిలో పూజ సామాన్లు ఉంచే గదిలో) నేరుగా భూమిలోకి గొట్టం ఉండే సాక్రారియం అనే తొట్టి ఉంటే అందులో పోయాలి. దివ్యసత్ప్రసాదపు (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) చిన్న నలుసు కూడా మురుగులో కలవకూడదన్నదే కారణం. కార్పొరల్ మడతకు కూడా లెక్కుంది: అటు మూడు, ఇటు మూడు, విప్పితే తొమ్మిది గళ్ళు కనిపించాలి. అంచులన్నీ లోపలికే మడవాలి, బట్ట మీద ఏమైనా మిగిలితే జారి కింద పడకుండా. ప్యూరిఫికేటర్‌కైతే నిలువుగా మూడు మడతలు చాలు.

మహిళా సంఘంలో ఇద్దరు అక్కలు ఈ పని తీసుకున్నారు. తీసుకుని ఊరుకోలేదు. ప్రతి శనివారం ఇస్త్రీ చేసిన బట్టలు ఓ పళ్ళెంలో పెట్టుకుని అమ్మ మంచం దగ్గరికి తెచ్చేవాళ్ళు, చూసి చెప్పమని. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మడతలన్నీ విప్పి చూసి, ఒకటో రెండో పక్కకు తీసేది, మళ్ళీ చేయమని. వాళ్ళు నవ్వుకుంటూ పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ బట్టల్లో తప్పులు నిజంగా ఉండేవో, అమ్మ కోసం కావాలనే చేసి తెచ్చేవాళ్ళో నాకు ఇప్పటికీ అనుమానమే. మంచం మీద ఉన్న మనిషికి మందులు ఇవ్వడానికి చాలామంది ఉంటారు. పని ఇవ్వాలని తోచేది ఏ ఒక్కరికో. అక్కల్లారా, మీకు ప్రత్యేకంగా రెండు చేతులా దండం.

ఇక ఆదివారం సంగతి. మన గుడిలో దివ్యసత్ప్రసాదం పంచే గృహస్థ సేవకుల్లో ఒక అంకుల్, రెండో పూజ అవగానే ఎక్కడా ఆగకుండా నేరుగా మా ఇంటికి వచ్చేవారు. దారిలో ఎవరైనా పలకరించినా తలూపి వచ్చేయడమే. మెడలో వేలాడే చిన్న సంచిలో పిక్స్ అనే గుండ్రటి డబ్బా, అందులో అప్పుడే గుడిలో అందరూ తీసుకున్న అదే ప్రసాదం. మేము చిన్న బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సిలువ, వెలిగించిన కొవ్వొత్తి, గ్లాసుడు నీళ్ళు సిద్ధంగా పెట్టేవాళ్ళం. ఆయన ఆ రోజు సువిశేషంలోంచి నాలుగు వాక్యాలు చదివి, అందరం కలిసి పరలోక జపం చెప్పాక అమ్మకు ఇచ్చేవారు. అమ్మకు సేవ చేయడానికి ఇంట్లోనే ఉండిపోయిన నాకూ ఇచ్చేవారు. ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం నుంచి రోగులకే కాదు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు కూడా మినహాయింపు ఉందని ఆయన చెబితేనే తెలిసింది.

ఈ అలవాటు ఎంత పాతదో కూడా ఆయనే చెప్పారు. సుమారు 155వ సంవత్సరంలో పునీత జస్టిన్ ఆనాటి క్రైస్తవుల ఆదివారపు ఆరాధన ఎలా జరిగేదో రాసి పెట్టారు. రాలేకపోయినవాళ్ళకు ప్రసాదాన్ని డీకన్లు (గురువులకు సాయపడే సేవకులు) ఇంటికి తీసుకెళ్ళేవారట. ఆ వెంటనే కానుకల సంగతి వస్తుంది: పోగైన డబ్బు అనాథలకు, విధవరాళ్ళకు, జబ్బుతో అవస్థపడేవాళ్ళకు, ఖైదీలకు, పరదేశులకు. బలిపీఠం మాట, చందా డబ్బు మాట ఆయన పక్కపక్కనే రాశారు. మా ఇంటి గడప కూడా ఆ రెండూ కలిసే తొక్కాయి.

ఎలాగంటే, మొదట మరియదళం (లీజియన్ ఆఫ్ మేరీ అనే విశ్వాసుల సేవా సంఘం) వాళ్ళు వచ్చారు, ఎప్పటిలాగే ఇద్దరిద్దరుగా. కూర్చుని అమ్మ చెప్పింది విని, జపమాలలోని ఒక దేవరహస్యం (యేసు, మరియమ్మల జీవితంలో ఒక ఘట్టం) ధ్యానించి పది మంగళవార్త జపాలు చెప్పి వెళ్ళేవాళ్ళు. 1921లో డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ మొదలుపెట్టిన ఈ దళం చేపట్టిన తొలి సేవ కూడా ఆసుపత్రిలో రోగులను పలకరించడమే. అయితే డబ్బూ వస్తువులూ పంచకూడదన్నది వాళ్ళ నియమం. మా ఇంట్లో పరిస్థితి వాళ్ళకు అర్థమైంది. అమ్మను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే, పేదలకు సాయం చేసే విన్సెంట్ డి పాల్ సభవాళ్ళ చెవిన వేశారు. ఇలా అడగడం చాలా పెద్ద విషయమని నేననుకుంటాను. సాయం కంటే ముందు కబురు ఊరంతా తిరిగే సందర్భాలు మనం చూడనివి కావు.

సభవాళ్ళు రాత్రిపూట వచ్చారు, ఎవరి కంటా పడకుండా. ఎంత ఇచ్చారో రాయను, వాళ్ళ పద్ధతికి అది గౌరవం కాదు. మంచం, వాకర్ కూడా వాళ్ళు పంపినవే. 1833లో పారిస్‌లో ఈ సభ పెట్టినప్పుడు ఫ్రెడరిక్ ఓజనాం 20 ఏళ్ళ విద్యార్థి అట. మన సభలో సగం మంది రిటైరైనవాళ్ళే. యువత ఎవరైనా ఇది చదువుతుంటే కాస్త ఆలోచించండి.

అలాగని యువతను తక్కువ చేయడం లేదు. అమ్మ మంచం పక్కన ఫోన్‌కు స్టాండ్ బిగించి, రోజూ పూజ లైవ్ వచ్చేలా పెట్టి వెళ్ళింది వాళ్ళే. ఫోన్‌లో పూజ చూడటం ప్రసాదం తీసుకున్నట్టు కాదని అమ్మకు తెలుసు. అయినా ప్రతి జవాబూ పైకే చెప్పేది. గాయక బృందం మైకు గరగరమంటోందని కనిపెట్టింది కూడా ఆమే. మైకు మార్చారు, దానికీ థ్యాంక్స్! విశ్వాసుల ప్రార్థనలో ప్రతి ఆదివారం తన పేరు వినగానే మాత్రం కాసేపు ఏమీ మాట్లాడేది కాదు.

చూడటానికి వచ్చినవాళ్ళలో కొందరు ఇలాంటి ఆపరేషన్ ఎవరెవరికి ఫెయిలైందో పూసగుచ్చినట్టు చెప్పి వెళ్ళారు. వాళ్ళ ప్రేమను కాదనను. కానీ రోగిని చూడటానికి వెళ్ళేటప్పుడు ఆ కథలు గుమ్మం బయటే వదిలేస్తే బాగుంటుంది. ఇంట్లోవాళ్ళను మాత్రం తప్పకుండా పలకరించండి. "నువ్వు నిద్రపోయావా?" అని నన్ను అడిగిన సిస్టర్‌గారిని నేను మర్చిపోలేను. అడిగి ఊరుకోలేదు, ఆ మధ్యాహ్నమంతా అమ్మ దగ్గర తనే కూర్చుని నన్ను పడుకోమని పంపేశారు.

ఆదివారం కృతజ్ఞతా పూజ చెప్పిద్దామని ఫాదర్‌గారిని అడిగాను. ఆదివారం ఒక పూజను విచారణ ప్రజలందరి కోసం సమర్పించాలన్నది శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో విచారణ గురువుకున్న బాధ్యత, మీరంతా అందులో ఉన్నారు, మీది విడిగా గురువారం పెట్టుకుందాం అన్నారు. కాబట్టి వచ్చే గురువారం సాయంత్రం పూజ అమ్మ పేరున, మీ అందరి మేలు కోరి. వీలైనవాళ్ళు రండి.

మంచం ఇప్పటికే సభకు తిరిగి ఇచ్చేశాం. వాకర్ ఇంకో నెల ఉంచుకోమన్నారు. ఈలోగా ఎవరికైనా అత్యవసరమైతే మొహమాటపడకుండా చెప్పండి, అమ్మకు వేరేది చూసుకుంటాం. ఒక చక్రం కిర్రుమనేది, దానికి నూనె వేయించాను.