వార్షిక నివేదిక: మన బడిలో పిల్లలు నడిపిన వాన ప్రాజెక్టు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది కూడా మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున నోట్‌బుక్కులు, బ్యాగులు పంచాం, ఆ జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. నేను చెప్పాలనుకున్నది వాన ప్రాజెక్టు గురించి.

ఎండాకాలం రాకముందే ఊళ్లో బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయన్న ప్రశ్న పిల్లలదే. 2000 తర్వాత కొన్నేళ్లు అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం లాంటి జిల్లాల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసుకుని, ఏ పంట వేయాలో లెక్కలు వేసుకున్నారు కదా, ఆ సంగతి చెప్పి మిగతాది పిల్లలకే వదిలేశాం.

వాన కొలవడానికి ప్లాస్టిక్ బాటిల్ పైభాగం కోసి, దాన్నే తిరగేసి గరాటులా పెట్టి, పక్కన స్కేలు అతికించారు. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే లెక్క తప్పుతుందని ముందే కొంచెం నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టుకున్నారు. రెండు జట్ల రీడింగులు కలవక పెద్ద గొడవే అయింది. సర్దిచెప్పబోయిన మాస్టారిని ఆగమని, ఒక బాటిల్ వేపచెట్టు కింద ఉందని పట్టుకున్నది ఏడో తరగతి పాప. తొమ్మిదో తరగతి అన్నలు మారుమాట లేకుండా దాన్ని ఆరుబయటికి మార్చారు. అంతవరకు ఆ రెండు తరగతుల మధ్య పలకరింపులే లేవు, ఇప్పుడు మధ్యాహ్న భోజనానికి కలిసే కూర్చుంటున్నారు. నా దృష్టిలో ఈ ఏడాది మనం సాధించినదాంట్లో ఇదే పెద్దది.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆ లెక్కన 200 చదరపు మీటర్ల బడి డాబా మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 4,000 లీటర్లు, అదంతా రోడ్డు మీదికి పోతోందని సర్పంచ్ గారికి పిల్లలే అర్జీ రాశారు. ఆ నీళ్లు భూమిలోకి దిగేలా తవ్వే ఇంకుడు గుంత గేటు దగ్గరైతే అందరికీ కనిపిస్తుందని మనలో కొందరన్నారు, డాబా వాలు వెనక్కి ఉందని పిల్లలు ఒప్పుకోలేదు. వెనకే తవ్వించాం.

పరీక్షల ముందు ఇవన్నీ ఎందుకని కొందరు తల్లిదండ్రులు టెన్షన్ పడ్డారు, అది న్యాయమే, అందుకే పదో తరగతిని ఇందులోకి లాగలేదు.

వచ్చే ఏడాది ఏం చేయాలో జూన్‌లో బడి తెరిచాక పిల్లలే మీటింగ్ పెట్టి తేలుస్తారు. మేస్త్రీ పని, కరెంటు పని, సాగు, ఏది తెలిసినా సరే, శనివారం ఒక గంట ఇవ్వగలిగినవాళ్లు కార్యదర్శికి పేరివ్వండి.