ఫాత్మా బేగం పేరేది?

సంపాదకులకు నమస్కారం.

తొలి టాకీల గురించి మన పత్రికలు రాసినప్పుడల్లా అర్దేషిర్ ఇరానీ, హెచ్.ఎం.రెడ్డి గార్ల పేర్లు తప్పక వస్తాయి. రావాలి కూడా. కానీ మూకీల కాలంలో, 1926లోనే, మెగాఫోన్ పట్టిన ఫాత్మా బేగం ఊసే ఉండదు. మన దేశంలో తొలి మహిళా దర్శకురాలు ఆవిడే!

ఆ రోజులెలాంటివో గుర్తు చేసుకోండి. ‘రాజా హరిశ్చంద్ర’ తీసిన ఫాల్కే గారికి ఆడవాళ్లు దొరక్క, 1913లో అందులోని తారామతి వేషాన్ని సాలుంకే అనే మగవాడితో కట్టించారు. ఉర్దూ నాటకరంగం నుంచి వచ్చిన ఫాత్మా, 1922లో ఇరానీ గారి ‘వీర్ అభిమన్యు’లో నటించారు. నాలుగేళ్లకే సొంతంగా ఫాత్మా ఫిల్మ్స్ పెట్టి, ‘బుల్బులే పరిస్తాన్’ తీశారు. అది పరీల లోకం కథ. కెమెరా కనికట్టుతోనే మాయలన్నీ చూపించాల్సిన కాలంలో, మొదటి సినిమాకే అంత ఖర్చూ కష్టమూ ఉన్న కథను ఎత్తుకోవడం మామూలు గుండె ధైర్యం కాదు.

కూతుళ్లు జుబేదా, సుల్తానా, షెహజాదీలను కూడా సినిమాల్లోకి తెచ్చారు. 1931లో వచ్చిన మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ కథానాయిక ఆ జుబేదాయే. కూతురు అందరికీ తెలుసు, తల్లి తెలియదు. నాకిది చాలా అన్యాయంగా తోస్తుంది.

‘బుల్బులే పరిస్తాన్’ ప్రింటు ఇప్పుడు దొరకదు. చూపించడానికి సినిమా లేనప్పుడు పేరైనా అచ్చులో నిలవాలి. మీ ఆదివారం అనుబంధంలో ఆవిడపై ఒక పూర్తి పేజీ వ్యాసం వేయించమని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, విజయవాడ