నటుడి చేతిలోని ప్రూఫులు

సంపాదకులకు నమస్కారం.

నటుల గురించి రాసేటప్పుడు మన పత్రికలు పారితోషికాలు, కార్ల దగ్గరే ఆగిపోతున్నాయి. హాలీవుడ్ నటుడు విగ్గో మోర్టెన్‌సెన్ గురించి ఎవరైనా వివరంగా రాస్తే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను.

‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ సినిమాల్లో అరగోర్న్‌గా ప్రపంచమంతా ఆయనను గుర్తుపట్టడం మొదలైన రోజుల్లోనే, 2002లో, ఆయన పిలార్ పెరెజ్‌తో కలిసి కాలిఫోర్నియాలో పర్సవల్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థను స్థాపించారు. పెద్ద ప్రచురణకర్తలు లాభం లేదని పక్కనపెట్టే కవిత్వం, చిత్రకళ, విమర్శ అక్కడ అచ్చవుతాయి. మరుసటి ఏడాదే ఇరాక్ ఆక్రమణపై వ్యాససంపుటి తెచ్చారు. బాల్యంలో కొన్నేళ్లు అర్జెంటీనాలో గడిపిన ఆయన, అక్కడి కొత్త కవుల సంకలనాన్ని స్పానిష్‌లోనే వెలువరించారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

పేరు కోసం పెట్టిన సంస్థ అని కొట్టిపారేయడం అన్యాయం. కీర్తి రాకముందే, 1993లో, ఆయన తొలి కవితాసంపుటి వచ్చింది.

నేను ప్రూఫులు దిద్దిన మనిషిని. కవితలో ఒక పాదం పొరపాటున పక్క పేజీకి జారితే ఊపిరి తెగిపోతుంది. దాన్ని వెనక్కి తేవడానికి అక్షరం సైజు తగ్గించాలా, అంచు జరపాలా అని గంటసేపు తర్జనభర్జన పడతాం. అమ్ముడయ్యేది కొన్ని వందల ప్రతులే అయినా ఆ గంట తప్పదు. సినిమా సంపాదన చేతిలో ఉన్న మనిషి ఈ చాకిరీ ఉన్న రంగాన్ని కోరి ఎంచుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

మీ సినిమా పేజీలో అప్పుడప్పుడైనా నటులు చదివే, రాసే, అచ్చువేసే పుస్తకాలకు చోటివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు